సూక్ష్మకోశములు: రోగమును గుర్తించుట, రోగమును మాన్పుట

(హిందూపురమున జరిగిన మన కులసంఘ వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



కులదేవతయగు శ్రీ చౌడేశ్వరీదేవిని స్మరించి మా మనవి నారంభించుచున్నాము. దేవలమహర్షి విష్ణుదేవుని నాభికమలతంతువులు గొనివచ్చి, వస్త్రము నేసి, దేవతల మానమును కాపాడెనని మన పెద్దలు చెప్పుదురు. కంటికి ఆననంత సన్నని తంతువునుండి లోకోపకారమును సాధించుట మన కులమునకు పుట్టుకతో వచ్చిన విద్య. నేడు మేము చెప్పబోవు విషయమును కంటికి ఆననంత సన్ననిదే.

ప్రతి సంవత్సరమును ఈ మహాసభయందు పట్టు, జరీ ధరలను గూర్చియు, సహకారసంఘముల బాకీలను గూర్చియు, బాలికల విద్యను గూర్చియు ఉపన్యాసములు జరుగుట వాడుక. ఈ యేడు మమ్ము రోగములను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరిరి. దానికి కారణము కలదు. ధర్మవరమున రెండు మగ్గములు గల యొక కుటుంబమును మే మెరుగుదుము. ఆ యింటి పెద్దకు మోకాళ్ల నొప్పి. గుంతమగ్గమున నలువది యేండ్లు కూర్చున్నవానికి మోకాళ్లు నొప్పించుట వింత గాదు. ఎవరో చెప్పగా దూరపు పట్టణమునకు బోయి, ‘ఎక్సోసోము సూది’ యను దానిని వేయించుకొనిరి. ఆ ఖర్చునకై యొక మగ్గము నమ్మిరి. నొప్పి తగ్గలేదు, అమ్మిన మగ్గము తిరిగి రాలేదు. సూదిలో నేమున్నదో వ్రాసి యిచ్చిన కాగితమైనను వారియొద్ద లేదు. ఆ పెద్దాయన మమ్మడిగిన ప్రశ్న యొక్కటే: “నాయనా, అది నిజమైన విద్దెనా, మోసమా?”

జీవశాస్త్రము బోధించుట వృత్తిగా గల మేము ఆనాడు తడబడితిమి. పిదప విచారించి చూడగా, విద్య నిజము, అమ్మకము మోసము అని తోచినది. ఈ రెంటి నడుమ గీత యెచ్చట నున్నదో చూపుటయే నేటి యుపన్యాసము.

మొదట పేరు. మన దేహము కోట్లకొలది జీవకణముల సముదాయము. ప్రతి కణమును తననుండి మిక్కిలి చిన్న సంచులను వెలుపలికి విడుచుచుండును. ఆంగ్లేయ గ్రంథములలో వీనిని ఎక్స్‌ట్రాసెల్యులర్ వెసికిల్స్ అందురు. వీనిలో నొక తెగకు ఎక్సోసోములని పేరు. మేము వీనిని సూక్ష్మకోశము లందుము. కోశమనగా పట్టుగూడు. కోశమునుండి పుట్టినది గనుకనే పట్టుబట్టకు సంస్కృతమున కౌశేయమను పేరు గలిగినది. హిందూపురపు పట్టుగూళ్ల అంగడిలో గూళ్లరాసులను చూచిన మనకు ఈ మాట పరాయిది గాదు.

వీని పరిమాణమును చెప్పెదము. ఒక మిల్లీమీటరును 10 లక్షల భాగములు చేసినచో ఒక్కొక్క భాగమునకు నానోమీటరని పేరు. ఎక్సోసోములు సుమారు 30 మొదలు 150 నానోమీటర్లుండును. కణపు పైపొరనుండి మొగ్గవలె తెగివచ్చు మరియొక తెగ 1000 నానోమీటర్లవరకు నుండవచ్చును. పట్టుపురుగు తీయు నేకపోగు ఎంత సన్ననిదో మన చేతివ్రేళ్లకు తెలియును. ఆ పోగు వెడల్పున ఎక్సోసోములను ప్రక్కప్రక్కన నిలిపినచో నూరింటికి తక్కువ గాకుండ పట్టును. మామూలు సూక్ష్మదర్శినితో వీనిని జూడ వీలులేదు. ఎలక్ట్రాను సూక్ష్మదర్శిని గావలయును.

ఈ కోశము లెట్లు పుట్టునో మన వాడలోని వ్యవహారముతో పోల్చి చెప్పవచ్చును. ధర్మవరపు షావుకారు ఇంటిలో నొక గది యుండును. అందు చీరలను చిన్న చిన్న మూటలుగా గట్టి, ఆ మూటల నన్నిటిని నొక పెద్ద సంచిలో నుంచి, సంచిని వాకిటికి దెచ్చి విప్పగా మూటలు వీధిలోనికి బోవును. జీవకణమును ఇట్లే చేయును. కణము లోపల నొక పెద్ద సంచి యేర్పడును; దానిలో అనేక చిన్న కోశములు మొగ్గలుగా పుట్టును; ఆ పెద్ద సంచి కణపు పైపొరతో కలిసిపోగా లోపలి కోశము లన్నియు వెలుపల బడును. ఒక్కొక్క మూటలో ఆ కణమున దయారగు మాంసకృత్తులును, ఆర్.ఎన్.ఎ. యను సందేశపు తునుకలును, కొవ్వు పదార్థములును ఉండును. మూట పైపొరమీద చేరవలసిన చోటును దెలుపు గురుతులును గలవు. ఈ మూటలు నెత్తురులోను, మూత్రములోను, ఉమ్మిలోను, తల్లిపాలలోను తేలుచు పోవుచుండును.

ఈ సంగతి ఒక్కనాట బయటబడినది గాదు. 1946వ సంవత్సరమున చార్గాఫ్, వెస్ట్ అనువారు నెత్తురు గడ్డకట్టుటను శోధించుచు, రక్తఫలకములను తీసివేసిన ద్రవములో గూడ గడ్డకట్టించు సన్నని పదార్థ మొకటి మిగులుచున్నదని కనుగొనిరి. 1967లో పీటర్ ఉల్ఫ్ దానిని ‘ఫలకముల ధూళి’ యని పేర్కొనెను. ధూళి యనగా ఊడ్చి పారవేయవలసినదే గదా! 1983లో కెనడా దేశమున రోజ్ జాన్‌స్టన్ అను విదుషీమణియు, అమెరికాలో ఫిలిప్ స్టాల్ మొదలగువారును, లేత ఎర్రకణములు పెద్దవగునప్పుడు తమకు అక్కరలేని ఇనుము గ్రహించు మాంసకృత్తును ఈ కోశములలో మూటగట్టి బయటవేయుచున్నవని చూపిరి. 1987లో ఎక్సోసోమను పేరును వీనికి వాడుకలోనికి దెచ్చినది ఆ జాన్‌స్టన్ గారే. అప్పటికిని చాలమంది ఇది కణపు చెత్తబుట్ట యనియే తలంచిరి.

1996లో రాపోసో గారును వారి సహచరులును, రోగములను ఎదిరించు తెల్లకణములు ఈ కోశముల ద్వారమున ఇతర కణములను మేలుకొల్పగలవని నిరూపించిరి. 2007లో స్వీడను దేశమునందలి గోటెన్‌బర్గున వలాది, లోట్‌వాల్ మొదలగువారు, ఒక కణము పంపిన కోశములోని సందేశపు ఆర్.ఎన్.ఎ.ను మరియొక కణము గ్రహించి, దాని ప్రకారము మాంసకృత్తును తయారుచేయుట కనిపెట్టిరి. చెత్తయనుకొన్నది జాబుగా తేలినది. కణము లోపల ఇట్టి సంచుల రాకపోకల నియమములను కనిపెట్టినందులకు 2013లో రోథ్‌మన్, షెక్‌మన్, స్యూడాఫ్ అను మువ్వురకు నోబెలు బహుమానము లభించినది.

ఇక రోగనిర్ణయమున వీని యుపయోగమును జూతము.

ఊపిరితిత్తిలోనో, క్లోమమునందో రాచపుండు పుట్టినచో దానిని తెలిసికొనుటకు వైద్యులు సూదితోగాని కత్తితోగాని తునుక తీసి పరీక్షింపవలయును. అప్పటికే రోగము ముదిరియుండుట మన యిండ్లలో తరచుగా చూచుచున్నాము. రోగపు కణమును కోశములను విడుచును. పైగా ఆరోగ్యముగల కణముకంటె మిక్కుటముగా విడుచుట తరచు. ఆ కోశములలో రోగపు గురుతు లుండును. కావున నాలుగు చుక్కల నెత్తురో, కొంచెము మూత్రమో తీసి, అందలి కోశములను వేరుచేసి చదివినయెడల, దూరముననున్న రోగపు కణముయొక్క జాబును మధ్యదారిలో పట్టుకొన్నట్లగును.

పురుషుల ప్రోస్టేటు గ్రంథి విషయమున ఇట్టి పరీక్ష యొకటి వాడుకలోనికి వచ్చినది. మూత్రమునందలి కోశములలో మూడు జన్యువుల ఆర్.ఎన్.ఎ.ను కొలుచుటయే ఆ పరీక్ష. 2016లో ప్రకటింపబడిన పరిశోధనలో, దీనిని బట్టి నడుచుకొన్నచో నూటికి సుమారు 27 మందికి సూదిపరీక్ష తప్పెడిదనియు, అయితే తీవ్రమగు రోగముగలవారిలో నూటికి 5గురు గుర్తింపబడక పోయెడివారనియు తేలినది. లాభమును నష్టమును ప్రక్కప్రక్కన చెప్పిరి గనుక ఈ లెక్క నమ్మదగినది. 2019లో అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ దీనిని ముందంజవేసిన పరీక్షాసాధనముగా గుర్తించినది.

హ్యూస్టను నగరమునందలి ఎం.డి. ఆండర్సన్ క్యాన్సరు కేంద్రమున కల్లూరి రఘు గారి పరిశోధకబృందము, క్లోమపు రాచపుండుగలవారి నెత్తురుకోశముల పైన గ్లిపికాన్-1 అను మాంసకృత్తు హెచ్చుగా నున్నదని 2015లో ప్రకటించినది. కల్లూరి యను ఇంటిపేరు తెలుగువారికి చిరపరిచితము గదా. లోక మంతయు సంతోషించినది. కాని తరువాత ఇతర పరిశోధనశాలలవారు పరీక్షింపగా అన్నిచోట్లను ఆ ఫలితము రాలేదు. ఇందువలన ఎవరికిని లఘుత్వము లేదు. ఒకరు నేసిన బట్టను పదుగురు లాగి చూచిన పిమ్మట నిలిచినదే గట్టి నేత. శాస్త్రమునకును అదే మర్యాద.

మన వాడలకు దగ్గరి రోగము క్షయ. గాలి చొరని గదిలో, గుంతలో కూర్చుండి, పొద్దుపొడిచినది మొదలు దీపములు పెట్టువరకు నేయువారికి దగ్గు సామాన్య మనుకొని ఉపేక్షించుట మన అలవాటు. క్షయక్రిములు సోకిన కణములు విడుచు కోశములలో ఆ క్రిముల భాగము లుండునని 2007లో భట్నాగర్, షోరే గారలు చూపిరి. 2014లో క్షయరోగుల నెత్తురుకోశములలో క్రిమి మాంసకృత్తుల తునుకలు కనుగొనబడినవి. తెమడ రాని పిల్లలకును, ఊపిరితిత్తులు గాక ఇతరస్థానములందు క్షయ గలవారికిని ఈ దారి ఒకనాడు మేలుచేయవచ్చును. అంతవరకు తెమడపరీక్షయే మనకు దిక్కు. దానిని ప్రభుత్వమువారు ఉచితముగా చేయుచున్నారు, మందును ఉచితము. రెండు వారములకు మించి దగ్గున్నవారు పరీక్షకు బోవవలయును.

ఇక చికిత్స. ఇది కేవలము చదువుట గాదు, వ్రాయుట. కణము పంపు మూటను మనము విప్పి, అందు మనకు గావలసిన మందు నుంచి, పైన మనకు గావలసిన చిరునామా వ్రాసి పంపగలమా?

2011లో ఇంగ్లండున ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమునందు మాథ్యూ వుడ్ గారును వారి సహచరులును ఈ పని చేసిరి. ఎలుకనుండి తెల్లకణములను దీసి, అవి విడుచు కోశముల పైపొరమీద మెదడు నాడీకణములను వెదకుకొని పోవు గురుతు నొకదానిని పుట్టించిరి. పిదప విద్యుచ్ఛక్తితో కోశములకు సన్నని రంధ్రములు గల్పించి, ఒక జన్యువును నోరుమూయించు ఆర్.ఎన్.ఎ. తునుకలను లోన నింపిరి. ఆ కోశములను ఎలుక నెత్తురులోనికి ఎక్కింపగా, మందులకు సామాన్యముగా దారి యివ్వని మెదడులోనికి అవి చేరెను. మతిమరుపు రోగముతో సంబంధముగల ఆ జన్యువు పని అచ్చట నూటికి సుమారు 60 వంతులు తగ్గెను. మన మాటలో జెప్పవలయునన్న, జాకార్డు అట్టమీద చిల్లులు మార్చినచో అంచుబుటా మారునట్లు, కోశపు పైగురుతు మార్చినచో అది చేరు చోటు మారును.

2017లో పైని జెప్పిన కల్లూరి గారి బృందమే, క్లోమపు రాచపుండును పెంచు క్రాస్ అను జన్యువుయొక్క చెడిపోయిన రూపమును అణచు ఆర్.ఎన్.ఎ.ను కోశములలో నింపి ఎలుకలకు ఇచ్చినది. ఎలుకలు హెచ్చుకాలము బ్రదికినవి. కోశముపై ‘నన్ను మ్రింగకు’ అని చెప్పు సి.డి.47 అను మాంసకృత్తు ఉండుటచే, దేహపు కావలికణములు వానిని వెంటనే మ్రింగివేయలేదని వారు వివరించిరి. పిదప మనుష్యులయందు మొదటి దశ పరీక్ష యారంభింపబడినది. ఎలుక బ్రదికినంతమాత్రమున మనుష్యుడు బ్రదుకునని చెప్పరాదు. ఆ దారి దీర్ఘమైనది.

ఆవుపాలలోను ఈ కోశములు గలవు. అమెరికాలోని లూయివిల్ విశ్వవిద్యాలయమున మునగాల, గుప్త మొదలగువారు 2016లో పాలనుండి తీసిన కోశములలో మందు నింపి, నోటిద్వారా ఇచ్చి ఎలుకలయందు పరీక్షించిరి. పెద్దమొత్తములో తక్కువ ఖర్చుతో దొరకు కోశములని దీని విలువ. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాదు నేత్రవైద్య సంస్థయందు, కంటి కార్నియా యను పారదర్శకపు పొరకు గలుగు గాయములను మాన్పుటలో ఈ కోశముల శక్తిని గూర్చి విచారణ జరిగినది. కంటిచూపే అన్నముగా గల మన కులమువారు ఈ పరిశోధనను ఆసక్తితో గమనింపదగును.

ఇంత మేలుగలదానికి ఆలస్య మెందులకని మీ రడుగవచ్చును. కష్టములు మూడు.

మొదటిది శుద్ధి. పట్టుదారమునకు సబ్బునీట ఉడకబెట్టి జిగురు తీయనిదే రంగు సరిగా పట్టదు. నెత్తురులో కోశములతోబాటు అంతే పరిమాణముగల కొవ్వు కణికలును, మాంసకృత్తుల ముద్దలును ఉండును. భూమ్యాకర్షణశక్తికి లక్షరెట్ల వేగబలముతో త్రిప్పు యంత్రములలో గంటలకొలది త్రిప్పినను పూర్తిగా శుద్ధిగావు. ఏది కోశము, ఏది కాదు అనుటకే 2014, 2018, 2023 సంవత్సరములలో అంతర్జాతీయ పండితసంఘమువారు మూడుమార్లు నిబంధనలను వ్రాయవలసి వచ్చినది.

రెండవది నిలకడ. ఒకే కణములనుండి నేడు తీసిన కోశములును రేపు తీసినవియు సమముగా నుండవు. దేహములోనికి ఎక్కించిన కోశములలో హెచ్చుభాగమును కాలేయమును ప్లీహమును త్వరగా పట్టివేయును.

మూడవది అపాయము. జాబు మంచివానికిని చెడ్డవానికిని సమానమే. 2015లో న్యూయార్కున డేవిడ్ లైడెన్ గారును వారి సహచరులును, రాచపుండు కణములు ముందుగా తమ కోశములను పంపి, తాము తరువాత పోయి పాతుకొనబోవు అవయవమును సిద్ధపరచుకొనుచున్నవని చూపిరి. కోశముపైని గురుతునుబట్టి అది ఊపిరితిత్తికి బోవునో కాలేయమునకు బోవునో నిర్ణయమగుచున్నది. కావున ఏ కణమునుండి వచ్చినదో తెలియని కోశమును దేహములోనికి ఎక్కించుట, ముద్రలేని మూటను నిద్రించు ఇంటిలో దించుటవంటిది.

ఇప్పుడు ధర్మవరపు పెద్దాయన ప్రశ్నకు వత్తము. 2019 డిసెంబరులో అమెరికా ఔషధశాఖ ప్రజలకు బహిరంగముగా హెచ్చరిక చేసినది. నెబ్రాస్కా రాష్ట్రమున ఎక్సోసోము సరకులను వాడినవారికి తీవ్రమగు హాని గలిగిన పిమ్మట, అప్పటికి తాము అంగీకరించిన ఎక్సోసోము ఔషధము ఒక్కటియు లేదని ఆ శాఖవారు స్పష్టముగా ప్రకటించిరి. మన దేశమునందును, నెత్తురు రోగములకు దప్ప తక్కిన వానికి మూలకణ చికిత్సను వ్యాపారముగా చేయరాదని భారత వైద్య పరిశోధనా మండలి 2017 నాటి మార్గదర్శక సూత్రములలో నిర్దేశించినది. మూలకణముల కథయే ఇట్లుండగా, వాని కోశముల పేర సూది యమ్ముటకు ఆధార మేమి?

నకిలీ యననేమో మనకు ఇతరులు చెప్పనక్కరలేదు. 1985 నాటి చేనేత రిజర్వేషను చట్టమున్నను, మరమగ్గముల బట్టను చేనేతయని అమ్మువారివలన మన కులము పడిన కష్టము మనకే తెలియును. నకిలీ జరీ కొన్నిదినములు మేలిజరీవలెనే మెరయును. జరీని గీటి చూడనిదే కొనని మనము, దేహములోనికి పోవు సూదిని అడుగకయే వేయించుకొనుట తగునా?

కావున ఏ క్రొత్త చికిత్సకైన పైకము చెల్లించుటకు ముందు నాలుగు ప్రశ్నలు అడుగుడని మా మనవి. ఇందున్న దేమి, ఎచ్చటనుండి తీసినది? ప్రభుత్వ ఔషధశాఖవారు దీనిని ఈ రోగమునకై అంగీకరించిరా? ఇది పరిశోధనయైనచో నైతికసంఘపు అనుమతి కలదా, పరిశోధనకు నావద్ద పైక మేల తీసికొందురు? హాని కలిగినచో బాధ్యు లెవరు, వ్రాసి యిత్తురా? ఈ నాలుగింటికి వ్రాతమూలకముగా జవాబీయనివారికి మగ్గ మమ్మి పైక మీయవలదు.

మహాసభవారి యెదుట మూడు సూచనల నుంచుచున్నాము.

ఒకటి, ఏటేట హిందూపురము, పెనుకొండ, ధర్మవరములలో ఒక్కొక్క దినము మన సంఘమువారు వైద్యులను పిలిపించి, నోరు, దగ్గు, రక్తపుపోటు, చక్కెర, కన్ను ఈ యైదింటిని పరీక్ష చేయింపవలయును. ఈ మూడూళ్లును ఒకే రైలుదారిమీద నున్నవి గనుక ఒకే వైద్యబృందము మూడు దినములలో ఈ పని ముగింపగలదు. సూక్ష్మకోశముల పరీక్ష మన యూరికి వచ్చువరకు ఉన్న పరీక్షలను మానుకొనుట అవివేకము.

రెండు, రోగము నిర్ణయమైనవారికి దారి చూపు మనుష్యు డొకడు ప్రతి శాఖయందును ఉండవలయును. పుట్టపర్తిలో 1991లో స్థాపింపబడి ఉచితముగా చికిత్స చేయు వైద్యశాల యున్నది. బత్తలపల్లిలో గ్రామీణాభివృద్ధి ట్రస్టువారి ఆస్పత్రి యున్నది. బెంగుళూరున కిద్వాయి సంస్థ యున్నది. ఇవి యుండగా మనవారు దళారి చేయిపట్టుకొని పోవుటకు కారణము అజ్ఞానముకంటె ఒంటరితనమే.

మూడు, సంఘపు విద్యానిధినుండి ఏటికి ఒక్క విద్యార్థినికో విద్యార్థికో జీవశాస్త్రమున ఉన్నతవిద్యకు సాయము చేయవలయును. ఈ శాస్త్రమునకు గావలసిన గుణములు ఓర్పు, చేతినేర్పు, తెగిన పోగును గుర్తించు చూపు. ఇవి మన పిల్లలకు తొట్టిలోనే యబ్బినవి. ధూళియని పారవేసినదానిని జాబుగా చదువుటకు లోకమునకు అరువది యేండ్లు పట్టెను. ఆ జాబును చదువువారిలో మన వాడ బిడ్డ యొకతె ఉండరాదా?

ధర్మవరపు పెద్దాయన ఇప్పుడు మిగిలిన యొక్క మగ్గముమీద నేయుచున్నాడు. ఆయనకు మేము ఇయ్యగలిగిన జవాబు ఇది: తాతా, విద్య నిజమే, అది ఇంకను పడుగు దశలోనే యున్నది. పేక పడక, బట్ట కోయక మునుపే చీర యని అమ్మినవాడు మోసగాడు. బట్ట సిద్ధమైననాడు మేమే వచ్చి చెప్పెదము.